పిల్లల కాలిన గాయం చూసి అది ఎలా జరిగిందో డాక్టర్లు చెప్పగలరా? ఏ వయసులో దేనివల్ల ఎక్కువగా కాలుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పద్నాలుగు నెలల మీ పాప టేబుల్ అంచున ఉన్న టీ కప్పును లాగేసుకుంది. గడ్డం కింద, మెడ, కుడి భుజం, ఛాతీ కాలాయి. ఆస్పత్రిలో ముగ్గురు వేర్వేరుగా వచ్చి "అసలు ఎలా జరిగింది" అని అడిగారు. మిమ్మల్ని అనుమానించారేమో అని మీకు రాత్రంతా నిద్ర పట్టలేదు. గాయం చూసి కారణం నిజంగా తెలుస్తుందా, పిల్లలకు మామూలుగా ఎలా కాలుతుంది, ఇంకోసారి జరగకుండా ఏం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, చాలాసార్లు తెలుస్తుంది. వేడి ఎటు నుంచి వచ్చింది, ఎంతసేపు తగిలింది, ఆ సమయంలో బిడ్డ నిలబడి ఉందా, కూర్చుని ఉందా, పక్కకు తప్పుకోగలిగిందా అన్న వాటికి చర్మం మీద గుర్తులు ఉంటాయి. మీరు రాసిన గాయం, నడక నేర్చుకునే వయసులో మేము అన్నిటికంటే ఎక్కువగా చూసే రకం. మీరు చెప్పినదానికీ గాయానికీ ఎక్కడా తేడా కనిపించడం లేదు. ఆ ప్రశ్నలు ప్రతి తల్లినీ ప్రతి తండ్రినీ అడుగుతాం. ఎందుకో కింద రాస్తాను.

నేను ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల కాలిన గాయాలకు వైద్యం చేస్తున్న ప్లాస్టిక్ సర్జన్‌ని. కాలిన గాయం అనగానే అందరికీ మంటలే గుర్తొస్తాయి. కానీ ఐదేళ్ళలోపు పిల్లలు మా వార్డుకు ఎక్కువగా వచ్చేది వేడి ద్రవాల వల్ల. నీళ్ళు, టీ, పాలు, సూప్, నూనె. మంట వల్ల కాలడం ఆ వయసు దాటాక పెరుగుతుంది.

కప్పు లాగినప్పుడు ఏం జరుగుతుంది

బిడ్డ పైకి చూస్తూ, ఒక చేయి చాచి కప్పు అందుకుంటుంది. అందుకే గడ్డం కింద, చంక దగ్గర కూడా కాలుతుంది. తల వంచుకుని ఉన్న బిడ్డకు గడ్డం కింద అలా కాలదు. ద్రవం ముందు ముఖం, మెడ, భుజం మీద పడుతుంది. అక్కడ అది బాగా వేడిగా ఉంటుంది కాబట్టి గాయం లోతుగా, వెడల్పుగా ఉంటుంది. ఛాతీ మీదుగా కిందికి జారేకొద్దీ చల్లారుతుంది. కాబట్టి గాయం కిందికి పోయేకొద్దీ సన్నబడి, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఉత్త ఎరుపుగా మిగులుతుంది. మొత్తం మీద తలకిందులుగా పెట్టిన త్రిభుజంలా కనిపిస్తుంది. చుట్టూ అక్కడక్కడా చిందిన చుక్కల మచ్చలు ఉంటాయి. అంచులు వంకరటింకరగా ఉంటాయి.

చొక్కా ఉంటే కథ కొంచెం మారుతుంది. తడిసిన బట్ట వేడిని చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది. చొక్కా మెడపట్టీ దగ్గర, నడుము దగ్గర, డైపర్ అంచు దగ్గర గాయం ఎక్కువ లోతుగా ఉండటం తరచూ చూస్తాం. అందుకే "బట్ట ఎప్పుడు తీశారు" అని కూడా అడుగుతాం.

"టీలో పాలు కలిపారా, కాచి ఎంతసేపైంది" అని అడగడం మీకు వింతగా అనిపించి ఉంటుంది. లోతును అంచనా వేయడానికి అది పనికొస్తుంది. చల్లటి పాలు కలిపిన టీ, అప్పుడే మరిగిన నీళ్ళు, వంటనూనె ఒకేలా కాల్చవు. నూనె నీటికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, జిగురుగా అంటుకుంటుంది, త్వరగా జారిపోదు. గంజి, చిక్కటి సూప్ లాంటివీ అంతే, అంటుకుని వేడిని వదలవు. మొదటి రోజు పైకి ఒకేలా కనిపించే రెండు గాయాల్లో ఒకటి పదిరోజుల్లో మానుతుంది, రెండోదానికి చర్మం అతకాల్సి వస్తుంది.

మరి అనుమానం ఎప్పుడు వస్తుంది?

దీన్ని దాచకుండా చెప్పడమే మంచిది. కొద్దిమంది పిల్లలను పెద్దవాళ్ళే కావాలని కాలుస్తారు. ఆ పిల్లలు నోరు విప్పి చెప్పలేరు. వాళ్ళను గుర్తించాలంటే అందరినీ అడగాలి. ముఖం చూసి కొందరినే అడిగితే తప్పు మనుషుల మీద అనుమానపడతాం, అసలువాళ్ళను వదిలేస్తాం.

బలవంతంగా వేడినీళ్ళలో ముంచిన గాయం వేరేగా ఉంటుంది. రెండు పాదాలకూ మేజోళ్ళు తొడిగినట్టు, రెండు చేతులకూ గ్లవ్స్ వేసినట్టు ఒకే ఎత్తు వరకు కాలి ఉంటుంది. అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. లోతు అంతటా ఒకటే. చిందిన మచ్చలు ఉండవు, ఎందుకంటే బిడ్డ కదలకుండా ఎవరో పట్టుకున్నారు. టబ్బులో అదిమి కూర్చోబెడితే పిరుదుల్లో అడుగుకు ఆనిన భాగం కొన్నిసార్లు కాలకుండా మిగిలి, చుట్టూ వలయంలా కాలుతుంది. దానంతట అది వేడినీళ్ళలో కాలు పెట్టిన బిడ్డ వెంటనే గింజుకుంటుంది, ఒక కాలు ఎక్కువా ఇంకో కాలు తక్కువా కాలుతుంది, నీళ్ళు చుట్టూ చిందుతాయి.

గాయం ఒక్కటే చూసి నిర్ణయానికి రాము. చెప్పిన కథ మాటిమాటికీ మారుతోందా, ఆస్పత్రికి తేవడానికి కారణం లేకుండా ఆలస్యం చేశారా, బిడ్డ వయసుకు ఆ పని సాధ్యమా అని కూడా చూస్తాం. ఐదు నెలల బిడ్డ "కుళాయి తిప్పుకుంది" అంటే నమ్మలేం. పద్నాలుగు నెలల బిడ్డ కప్పు లాగింది అంటే వెంటనే నమ్ముతాం.

ఇంకో మాట చెప్పాలి. కాలిన గాయంలా కనిపించేవన్నీ కాలినవి కావు. సిగరెట్ కాల్చినట్టు గుండ్రంగా కనిపించే మచ్చలు చర్మానికి సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా వల్ల చిన్నపిల్లల చర్మం అచ్చం వేడినీళ్ళు పడ్డట్టే పొరలుగా ఊడుతుంది. నిమ్మరసం అంటిన చర్మానికి గట్టి ఎండ తగిలినా బొబ్బలు వస్తాయి. ఒకసారి ఇలాంటి కేసులో ఒక తండ్రిని తప్పుగా అర్థం చేసుకోబోయి, చర్మవైద్యుడి సలహాతో సమయానికి ఆగాం. అప్పటి నుంచి తొందరపడి ఒక మాట కూడా అనను.

చిన్నపిల్లల చర్మానికి ఎందుకంత త్వరగా కాలుతుంది

చర్మం పలుచన. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు ఎంత వేడి ఎంతసేపు తగిలితే చర్మం కాలుతుందో కొలిచారు. ఈ రోజుకీ మేము చెప్పే లెక్కలకు మూలం అదే. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని సుమారు 5 సెకన్లలో లోతుగా కాలుస్తాయి. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది. పిల్లలకు అంతకంటే తక్కువ సమయం చాలు. వేడి టీ కప్పు పక్కన పెట్టిన పావుగంట తర్వాత కూడా చిన్నబిడ్డ చర్మాన్ని కాల్చగలదు. మనం హాయిగా గుక్క వేసే వేడి వాళ్ళకు ప్రమాదమే.

గాయం వైశాల్యం లెక్క కూడా వేరు. పెద్దవాళ్ళ ఒంట్లో తల, మెడ కలిపి సుమారు 9 శాతం. ఏడాదిలోపు బిడ్డకు అది దాదాపు రెట్టింపు, కాళ్ళు ఆ మేరకు చిన్నవి. అందుకే పిల్లలకు 1944లో లండ్, బ్రౌడర్ తయారుచేసిన పట్టిక వాడతాం. ఇంట్లో ఉజ్జాయింపుగా తెలుసుకోవాలంటే, వేళ్ళతో సహా బిడ్డ అరచేయి ఎంత ఉంటుందో అది ఒంట్లో సుమారు 1 శాతం. మీ చేయి కాదు, బిడ్డ చేయి. 10 శాతం దాటితే పిల్లలకు సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. బరువుతో పోలిస్తే వాళ్ళ చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒంట్లోని నీరు, వేడి త్వరగా పోతాయి.

వయసు మారితే గాయం మారుతుంది

నన్ను అడిగితే ఇదే అసలు విషయం. బిడ్డకు ఈ నెలలో ఏ కొత్త పని వచ్చిందో అదే ఈ నెలలో ప్రమాదం. తల్లిదండ్రులు నిన్నటి బిడ్డకు తగ్గట్టు ఇల్లు సర్దుకుంటారు. బిడ్డ ఈ రోజు ఒక అంగుళం ఎక్కువ అందుకుంటుంది.

పాకని పిల్లలకు కాలిందంటే దాదాపు ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతి మీదుగానే. స్నానం నీళ్ళు వేడి సరిచూడకపోవడం, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని టీ తాగడం, మైక్రోవేవ్‌లో వేడిచేసిన పాలు. మైక్రోవేవ్‌లో పాలసీసా పైకి గోరువెచ్చగా ఉన్నా లోపల పాలు కొన్నిచోట్ల మరిగిపోయి ఉంటాయి. ఆరేడు నెలలు రాగానే, మీ చేతిలో ఏదుంటే అది లాక్కుంటారు.

తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ వరకు మా వార్డు నిండా ఈ వయసువాళ్ళే. పట్టుకుని లేచి నిలబడటం, నడవడం, చేయి చాచడం వచ్చేసింది. వేడి అంటే ఏమిటో తెలియదు. టేబుల్ మీది గుడ్డ లాగితే పైనున్న గిన్నె వస్తుందని ఊహించలేరు. నేల మీద పెట్టిన వేడినీళ్ళ బకెట్ దగ్గరికి వెనక్కి వెనక్కి నడిచి అందులో కూర్చుండిపోయిన పిల్లలను ఎందరినో చూశాను. ఆ గాయాలు వీపు కింది భాగం, పిరుదులు, తొడలు. చాలా పెద్దవిగా ఉంటాయి. చక్రాల వాకర్‌లో కూర్చోబెట్టిన బిడ్డ ఇంకా ప్రమాదంలో ఉన్నట్టు. మనం రెండడుగులు వేసేలోపు గది దాటేస్తుంది, పైగా ఎత్తు పెరిగి అందనివి అందుతాయి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నా సలహా కూడా అదే, ఇంట్లో ఉంటే తీసేయండి.

ఈ వయసులోనే అరచేతుల గాయాలు. ఇస్త్రీపెట్టె, ఓవెన్ తలుపు, హీటర్, బండి సైలెన్సర్. పెద్దవాళ్ళకు వేడి తగిలితే చేయి దానంతటదే వెనక్కి వస్తుంది. ఏడాది బిడ్డ బిత్తరపోయి అక్కడే పట్టుకుని ఉండిపోవచ్చు. ఇస్త్రీపెట్టె అయితే దాని ఆకారం చర్మం మీద అచ్చు దిగినట్టు ఉంటుంది. ఒక బాబు విషయంలో స్విచ్ తీసేసి చల్లారనివ్వడానికి నేల మీద పెట్టారు. తీసేశాం కదా అన్న ధీమా. గాయం చిన్నదే, కానీ ఆరు నెలలకు రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అరచేయి కాలిన పిల్లలకు స్ప్లింట్ (వేళ్ళు ముడుచుకోకుండా చాచి ఉంచే పట్టీ), వేళ్ళ వ్యాయామం మానకూడదని అప్పటి నుంచి ప్రతి తల్లికీ రెండుసార్లు చెబుతున్నాను.

జలుబు చేసిందని ఆవిరి పట్టించడం గురించి తప్పకుండా రాయాలి. గిన్నెలో మరిగే నీళ్ళు, పైన దుప్పటి, లోపల ఊపిరాడక గింజుకునే పిల్లవాడు. గిన్నె ఒళ్ళోకి ఒలికితే తొడలు, మర్మాంగాలు, పొట్ట కాలుతాయి. మూడేళ్ళవాళ్ళూ వచ్చారు, పదేళ్ళవాళ్ళూ వచ్చారు. ఆవిరి వల్ల పిల్లల జలుబు త్వరగా తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ గాయాలకు మాత్రం నెలల తరబడి డ్రెస్సింగ్ చేశాను. దయచేసి పిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టించకండి.

కరెంటు వైరు కొరికిన పిల్లలకు పెదవి మూల కాలుతుంది. పైకి చిన్నగా, నొప్పి కూడా లేనట్టు ఉంటుంది. ప్రమాదం తర్వాత ఉంది. ఐదు నుంచి పద్నాలుగు రోజుల మధ్య పెచ్చు ఊడేటప్పుడు పెదవిలోని రక్తనాళం తెరుచుకుని ఒక్కసారిగా రక్తం కారవచ్చు. అలా జరిగితే పెదవిని లోపలా బయటా రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇది ముందే చెప్పకుండా ఇంటికి పంపకూడదు.

నాణెంలా ఉండే బటన్ బ్యాటరీ మింగడం కూడా కాలిన గాయమే, లోపల. అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తేమతో కరెంటు ప్రవహించి క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలవచ్చు. "రేపు చూద్దాం" అనుకునే విషయం కాదు. డ్రైనేజీ శుభ్రం చేసే ద్రావకాలను తాగునీటి సీసాల్లో పోసి పెట్టడం వల్ల వచ్చే గాయాలూ ఇలాంటివే.

మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు పెద్దలను చూసి చేస్తారు. అగ్గిపుల్ల గీస్తారు, లైటర్ నొక్కుతారు. బట్టకు అంటుకుంటే భయపడి పరిగెత్తుతారు, మంట ఇంకా పెరుగుతుంది. వదులు బట్టలు త్వరగా అంటుకుంటాయి, సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అమెరికాలో 1994 నుంచి చిన్నపిల్లలు తేలిగ్గా వెలిగించలేని లైటర్లే అమ్మాలని నిబంధన పెట్టారంటే ఎందుకో అర్థమవుతుంది.

ఆపైన బడి వయసు అబ్బాయిలు, పెట్రోలు, బాణసంచా, హైటెన్షన్ తీగలు. కరెంటు షాక్‌లో పైన కనిపించే మచ్చ చిన్నది, లోపల కండరం ఎంత కాలిందో అది చెప్పదు. అందుకే అలాంటివాళ్ళను గాయం చిన్నదైనా గుండె పరీక్ష చేయకుండా పంపం.

"నేను పక్కనే ఉన్నాను డాక్టర్"

దాదాపు ప్రతి తల్లీ చెప్పే మాట ఇది, చాలావరకు నిజం కూడా. ఎక్కువ ప్రమాదాలు వంటగదిలో, పెద్దవాళ్ళు అదే గదిలో ఉండగానే జరుగుతాయి. కప్పు ఒలకడానికి ఒక సెకను చాలు. ఇరవై నాలుగు గంటలూ కన్నార్పకుండా చూడటం ఎవరివల్లా కాదు. కాబట్టి "ఇంకా జాగ్రత్తగా చూస్తాను" అని మిమ్మల్ని మీరు శిక్షించుకోవద్దు. చూడకపోయినా జరగకుండా వస్తువుల చోటు మార్చండి.

వేడివి బల్ల అంచు నుంచి ఒక మూర లోపలికి జరపండి. టేబుల్ గుడ్డ తీసేయండి. గిన్నెల పిడులు లోపలివైపు తిప్పి, కుదిరితే వెనక పొయ్యి మీద వండండి. చంకలో బిడ్డ ఉంటే చేతిలో టీ ఉండకూడదు. మూత బిగించిన కప్పు వాడండి. స్నానం బకెట్‌లో మొదట చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలిపి, మోచేతితో చూసి అప్పుడు బిడ్డను దించండి. గీజర్ వేడి తగ్గించే వీలుంటే 49 డిగ్రీల దగ్గర పెట్టండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1983లో కొత్త హీటర్లను ఆ వేడి దగ్గరే పెట్టి అమ్మాలని చట్టం చేశాక కుళాయి నీళ్ళతో కాలి ఆస్పత్రిలో చేరే పిల్లలు తగ్గారు. అక్కడ మారింది హీటర్ మీద పెట్టిన అంకె.

కాలిన వెంటనే

మీరు కుళాయి కింద పెట్టానన్నారు, చాలా మంచిపని చేశారు. పారుతున్న మామూలు చల్లటి నీళ్ళు, 20 నిమిషాలు. వెంటనే కుదరకపోయినా మూడు గంటలలోపు చేస్తే ప్రయోజనం ఉంటుంది. ఐస్ వద్దు, అది చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. తడిసిన బట్ట, డైపర్, గాజులు తీసేయాలి, చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకూడదు. గాయాన్ని చల్లబరుస్తూనే మిగతా ఒంటిని వెచ్చగా కప్పాలి, చిన్నపిల్లలు త్వరగా చల్లబడిపోతారు. టూత్‌పేస్టు, నూనె, వెన్న ఏవీ రాయకండి. వేడి లోపలే ఉండిపోతుంది, గాయం లోతు మాకు కనపడదు.

ఇక మీ పాప సంగతి. మొదటి రోజు చూసి లోతు ఖాయంగా చెప్పలేం, రెండు మూడు రోజుల్లో అది మారుతుంది. మూడో రోజు డ్రెస్సింగ్‌కు రమ్మన్నది అందుకే. ఈ లోపు, గాయం ఎంత చిన్నదైనా సరే, 39 డిగ్రీల సెల్సియస్ (సుమారు 102 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఆ రాత్రే తీసుకెళ్ళండి. చిన్నపిల్లల్లో గాయంలోని బ్యాక్టీరియా విషం వల్ల మొదటి కొద్ది రోజుల్లోనే ప్రమాదకరమైన షాక్ రావచ్చు. తల్లిదండ్రులు పళ్ళు వస్తున్నాయనో, మామూలు వైరల్ జ్వరమనో అనుకుని ఆగిపోతారు.

రెండు వారాల్లో మానితే మచ్చ పెద్దగా మిగలదు, రంగు తేడా కొన్ని నెలలు ఉంటుంది, ఎండ తగలనివ్వకండి. మూడు వారాలు దాటినా పుండుగానే ఉంటే చర్మం అతకడం గురించి మీ సర్జన్‌ను మీరే అడగండి. మానిన తర్వాత మచ్చ ఎర్రగా ఉబ్బుతున్నా, పాప మెడ ఒక పక్కకు తిప్పడానికి, చేయి పైకెత్తడానికి ఇబ్బంది పడుతున్నా ఆలస్యం చేయకండి. మెడ, చంక దగ్గర మచ్చ బిడ్డతో సమానంగా పెరగదు, బిగుసుకుంటుంది. మసాజ్, మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్, మచ్చను బిగుతుగా నొక్కి ఉంచే ప్రెషర్ బట్టలు మొదటి ఏడాదిలోనే బాగా పనిచేస్తాయి. మూడో రోజు డ్రెస్సింగ్ తర్వాత వాళ్ళు ఏమన్నారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.